పట్టు ఎక్కడ పడింది? హెర్2 ప్రోటీనును యాంటీబాడీలు కట్టడి చేసే తీరు

క్యాన్సర్ ఆసుపత్రి డే కేర్ వార్డులో ట్రాస్టుజుమాబ్ అనే రొమ్ము క్యాన్సర్ మందు కలిపే నర్సు చేతుల్ని ఒకసారి గమనించండి. గాజుసీసా అడుగున తెల్లటి పొడి గడ్డకట్టి ఉంటుంది. దాని మీద పడేలా 20 మిల్లీలీటర్ల నీటిమందును సిరంజితో మెల్లగా వదులుతారు. మామూలు యాంటీబయాటిక్ సీసాను కుదిపినట్టు దీన్ని కుదపరు. వేళ్ల మధ్య పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతారు. నురుగు వస్తే బల్ల మీద పెట్టి ఓ అయిదు నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేస్తారు. తర్వాత లెక్క ప్రకారం తీసి సెలైన్ సంచిలోకి ఎక్కిస్తారు. గ్లూకోజ్ సంచిలోకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించరు.

ఇంత సుకుమారం ఎందుకంటే సీసాలో ఉన్నది ప్రోటీను, యాంటీబాడీ అనే రకం. గుడ్డులోని తెల్లసొనను గిలక్కొడితే నురుగై లేస్తుంది, ఆ నురుగు మళ్లీ పాత తెల్లసొన కాదు. ప్రోటీను ముడుచుకున్న ఆకారమే దాని పని. ఆకారం చెదిరితే అందులో ఉన్న పరమాణువులన్నీ ఉన్నట్టే ఉన్నా మందు మాత్రం లేనట్టే. గ్లూకోజ్ ద్రావణంలో ఈ ప్రోటీను ఉండలు కడుతుంది, అందుకే ఆ నిషేధం.

పైగా ఇది మామూలు మందు బిళ్లల్లో ఉండేలాంటి చిన్న అణువు కాదు. ఆస్పిరిన్ అణువు బరువు 180 డాల్టన్లయితే, దీని బరువు దాదాపు 1,48,000. అంటే 800 రెట్లకు పైనే. ఇంత భారీ అణువు కణపొరను దాటి నేరుగా లోపలికి చొరబడలేదు. చేయగలిగిందేదో కణం బయట, పొర మీద పైకి కనబడే భాగాన్ని పట్టుకునే చేయాలి. "కణితిని పెంచే ప్రోటీనుకు యాంటీబాడీ అతుక్కుని దాన్ని అడ్డుకుంటుంది" అని ఆరోగ్య శీర్షికల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. ఆ వాక్యంలో రెండు క్రియలున్నాయి, ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది. అతుక్కున్న ప్రతిదీ అడ్డుకోదు. ఒకే ప్రోటీనును రెండు చోట్ల పట్టుకున్న రెండు యాంటీబాడీలు రెండు వేర్వేరు పనులు చేస్తాయి. ఆ సంగతి ట్రాస్టుజుమాబ్ పట్టుకునే హెర్2 అనే ప్రోటీను విషయంలో తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు కాబట్టి, దాన్నే దగ్గరగా చూద్దాం.

చాచిన చేయి

ఎప్పుడు రెండుగా విడిపోవాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్న కబురు మన కణాలకు చాలావరకు బయటి నుంచే అందుతుంది. కబురు మోసుకొచ్చేవి పెరుగుదల కారకాలనే చిన్న ప్రోటీన్లు. దాన్ని అందుకునేవి కణపొరలో నాటినట్టు నిలబడి ఉండే గ్రాహకాలు, డాక్టర్ల మాటలో రిసెప్టర్లు. వీటికి తల పొర బయట, తోక కణం లోపల. ఈ జాతిలో హెర్ కుటుంబానికి చెందినవి నాలుగు: హెర్1, హెర్2, హెర్3, హెర్4. బయటి భాగం నాలుగు ఖండాలుగా ఉంటుంది. ఈ ఖండాల లెక్కను కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితోనే పని.

హెర్2ను పక్కన పెడితే మిగతా మూడూ కబురు రానంతసేపు ముడుచుకుని ఉంటాయి. కబురు తెచ్చిన ప్రోటీను ఒకటో ఖండానికీ మూడో ఖండానికీ మధ్య వచ్చి కూర్చోగానే గ్రాహకం నిటారుగా విప్పారుతుంది. అప్పటివరకు దాచుకున్న ఒక చిన్న చేయి రెండో ఖండంలోంచి బయటికి వస్తుంది. దానితో పక్కనున్న మరో గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పైన జంట కుదిరితే లోపల తోకలు దగ్గరవుతాయి, ఒకదాని తోక మీద ఒకటి ఫాస్ఫేట్ ముద్రలు వేస్తాయి. ఆ ముద్రలు చూసి కణంలోని ఇతర ప్రోటీన్లు వరుసగా మేల్కొంటాయి. ఒక వరుస కణాన్ని విభజన వైపు నెడుతుంది, ఇంకో వరుస చావాల్సిన కణాన్ని చావనివ్వదు.

ఇక హెర్2 ఈ కుటుంబంలో ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. దీనికి కబురు తెచ్చే ప్రోటీను ఏదీ ఇంతవరకు దొరకలేదు. దొరకాల్సిన అవసరమూ కనిపించడం లేదు, ఎందుకంటే ఇది ఎప్పుడూ విప్పారిన ఆకారంలోనే ఉంటుంది. చేయి ఎప్పుడూ చాచే ఉంటుంది. ఎవరు పక్కకు వచ్చినా జంట కట్టడానికి సిద్ధం. దీనికి బాగా కుదిరే జోడీ హెర్3. విచిత్రమేమిటంటే హెర్3కి తోకలో ముద్ర వేసే ఎంజైము దాదాపు పనిచేయదు. కానీ ముద్ర వేయించుకోవడానికి చోట్లు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. మన ఆఫీసుల్లో ఫైలు ఒకరి దగ్గర, సంతకం పెట్టే అధికారం ఇంకొకరి దగ్గర ఉన్నట్టు. ఇద్దరూ ఒక గదిలో చేరితేనే పని జరుగుతుంది. చేరితే మాత్రం మెరుపులా జరుగుతుంది.

ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణం మీద హెర్2లు ఉండేది వేలల్లో, సుమారు 20 వేలు అనుకోవచ్చు. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో హెర్2 జన్యువుకు అదనపు నకళ్లు పుట్టుకొచ్చి ఒక్కో కణం మీద ఆ సంఖ్య 20 లక్షల దాకా పోతుంది. జాతరలో భుజం భుజం రాసుకున్నట్టు గ్రాహకాలన్నీ ఒత్తుకుంటాయి. చేతులు చాచే ఉన్నాయి కాబట్టి కబురు రాకుండానే జంటలు కుదిరిపోతుంటాయి.

దీని జాడ మొదట దొరికింది ఎలుకల్లో. 1980ల ఆరంభంలో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం ఎలుకల నాడీ కణితుల్లో 'న్యూ' అనే క్యాన్సర్ జన్యువును కనుక్కుంది. ఆ ఎలుకల్లో జన్యువుకు ఒక్క అక్షరం మారి ప్రోటీను చెడింది. మనుషుల్లోని దాని తోబుట్టువును 1985లో జెనెన్‌టెక్ కంపెనీలో యాక్సెల్ ఉల్‌రిచ్ వేరు చేశారు. దాన్ని రోగుల కణితుల్లో వెతికిన వైద్యుడు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయానికి చెందిన డెనిస్ స్లామన్. 1987లో ఆయన బృందం 189 రొమ్ము కణితులను పరీక్షించి, సుమారు 30 శాతంలో హెర్2 నకళ్లు పెరిగాయనీ, ఎన్ని ఎక్కువ ఉంటే జబ్బు అంత త్వరగా తిరగబెడుతోందనీ ప్రకటించింది. ఈ వాటా 15 నుంచి 20 శాతమని ఇప్పుడు లెక్కిస్తున్నారు. ఎలుకకూ మనిషికీ ఒక తేడాను మాత్రం మరిచిపోకూడదు. మనిషి కణితిలోని హెర్2 చాలా సందర్భాల్లో చెడిపోయిన ప్రోటీను కాదు. ఒంట్లో మిగతా చోట్ల ఉన్న అదే ప్రోటీను, సంఖ్యే మితిమీరింది. దీని మూల్యం గుండె దగ్గర చెల్లించాల్సి వస్తుంది, ఆ ముచ్చట తర్వాత.

ఎలుక కొసలు, మనిషి కాడ

యాంటీబాడీ ఆకారం పంగలకర్ర లాంటిది. రెండు పంగల కొసలూ లక్ష్యాన్ని పట్టుకుంటాయి. కింది కాడ మన రోగనిరోధక కణాలకు పిడిలా అందుతుంది. ఒక్కో కొసలో ఆరు చిన్న మెలికలుంటాయి. ఒక యాంటీబాడీ హెర్2ను, ఇంకొకటి కరోనా వైరస్‌ను పట్టుకుంటున్నాయంటే తేడా అంతా ముఖ్యంగా ఈ మెలికల్లోనే.

పట్టు అంటే జిగురు పూసినట్టు ఊహించుకోకండి. మెలికల గుంటలు, గుబ్బలు హెర్2 ఉపరితలం మీది గుబ్బలు, గుంటలతో కుదురుకోవాలి. ధన విద్యుదావేశం ఎదురుగా రుణావేశం రావాలి. నీరంటే గిట్టని భాగాలు ఎదురెదురుగా చేరి మధ్యలోని నీటిని బయటికి నెట్టాలి. విడివిడిగా చూస్తే ఇవన్నీ బలహీనమైన ఆకర్షణలే, డజన్ల కొద్దీ కలిస్తే ఉడుంపట్టు. ట్రాస్టుజుమాబ్ పట్టు బలాన్ని శాస్త్రవేత్తలు 0.1 నానోమోలార్ అంటారు. లెక్కగట్టి చూస్తే, లీటరు ద్రవంలో సుమారు 15 మైక్రోగ్రాముల మందు ఉన్నా చాలు, ఎదురైన హెర్2లలో సగం దాని పట్టులో ఉంటాయి. 60 కిలోల మనిషికి మూడు వారాలకోసారి ఇచ్చే మోతాదు 360 మిల్లీగ్రాములు. అందులో ఉండే అణువుల సంఖ్య రాయాలంటే 15 పక్కన 17 సున్నాలు పెట్టాలి.

అంత పట్టు తేలిగ్గా చేతికి రాలేదు. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ కనిపెట్టారు. చిట్టెలుకకు లక్ష్య ప్రోటీనును ఎక్కించి, దాని ప్లీహం నుంచి యాంటీబాడీ తయారుచేసే కణాలను తీసి, చావులేని క్యాన్సర్ కణాలతో కలిపేశారు. క్యాన్సర్ కణపు మొండితనాన్ని వాడుకుని క్యాన్సర్ మందుకు దారి వేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. జెనెన్‌టెక్‌లో అలా పుట్టిన చిట్టెలుక యాంటీబాడీ పేరు 4డీ5. గాజు పళ్లెంలో హెర్2 విపరీతంగా ఉన్న కణాల పెరుగుదలను అది ఆపింది.

అయితే చిట్టెలుక ప్రోటీనును మనిషికి ఎక్కిస్తే మన ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తుపట్టి దాని మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. రెండు మూడు మోతాదులయ్యేసరికి మందు వృథా. దీనికి 1986లో గ్రెగ్ వింటర్ బృందం చూపిన ఉపాయం, మనిషి యాంటీబాడీని తీసుకుని దాని కొసల్లో చిట్టెలుక మెలికలను మాత్రం అంటుకట్టడం. మన తోటల్లో మామిడి అంటు కట్టడం లాంటిదే. 4డీ5కు పాల్ కార్టర్ బృందం ఇదే చేసి 1992లో ఫలితం ప్రకటించింది. మెలికలను ఉన్నవున్నట్టు మార్చి పెట్టిన మొదటి అంటు హెర్2కు అతుక్కుంది, కానీ వదులుగా. కణాల పెరుగుదలను ఆపలేకపోయింది. మెలికలను కింది నుంచి మోసే పరంజాలో కొన్ని అమైనో ఆమ్లాలను ఒకటొకటిగా మార్చుకుంటూ పోతే ఎనిమిదో రకం దగ్గర పట్టు బిగిసింది. మొదటి అంటుకన్నా 250 రెట్లు, అసలు చిట్టెలుక యాంటీబాడీ కన్నా 3 రెట్లు గట్టిగా. ఆ ఎనిమిదో రకమే ఇవాళ్టి ట్రాస్టుజుమాబ్.

పేరు నోరు తిరగదని చాలామంది విసుక్కుంటారు గానీ, ఆ పేరు అర్థం లేనిది కాదు. చివరి 'మాబ్' అంటే ఒకే రకం యాంటీబాడీ. దాని ముందున్న 'జు' మనిషిగా మార్చిన చిట్టెలుక యాంటీబాడీ అని చెబుతుంది. దాని ముందున్న 'టు' లక్ష్యం కణితి అని చెబుతుంది. అందుకే సెటుక్సిమాబ్ అనే మరో క్యాన్సర్ యాంటీబాడీలో 'జు' బదులు 'క్సి' వచ్చింది. అది కొంత చిట్టెలుక, మిగతాది మనిషి. 2017 తర్వాత పేర్లు పెట్టే పద్ధతి మారింది, పాత మందులకు మాత్రం ఈ కీలకం ఇప్పటికీ పనిచేస్తుంది.

నాలుగో ఖండం, రెండో ఖండం

ట్రాస్టుజుమాబ్‌కు 1998 సెప్టెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. అది హెర్2ను సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుందో ప్రోటీను స్ఫటికాల చిత్రంలో కనబడింది మాత్రం 2003లో. అయిదేళ్లపాటు రోగులకు వాడిన తర్వాతన్న మాట. అది పట్టుకునేది నాలుగో ఖండాన్ని, అంటే కణపొరకు ఆనుకున్న మొదలును. జంట కట్టే చేయి ఉన్నది రెండో ఖండంలో. అంటే చాచిన చేయి చాచినట్టే ఉంది, మందు పట్టుకున్నది కాలిని.

మరి అడ్డుకున్నదేమిటి? ఇక్కడ శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. కబురు లేకుండా రద్దీ వల్లనే కుదిరే హెర్2, హెర్3 జంటలను ఇది విడగొడుతుంది. ఇంకొకటి, కణం బయట కత్తెర లాంటి ఎంజైములు హెర్2 బయటి భాగాన్ని మొదలు దగ్గర కోసేస్తుంటాయి. తల తెగిన మోడు ఊరుకుంటుందనుకుంటే పొరపాటు, అది అదుపు లేకుండా సంకేతాలు పంపుతుంది. కత్తెర పడే చోటుకు దగ్గరలోనే మందు కూర్చుంటుంది కాబట్టి ఈ కోతను అడ్డుకుంటుంది. బయటి నుంచి కబురు తెచ్చిన ప్రోటీనుతో హెర్3 విప్పారి వచ్చి హెర్2 చేయి పట్టుకుంటే మాత్రం ట్రాస్టుజుమాబ్ దాదాపుగా చూస్తూ ఊరుకుంటుంది.

ఇక పంగలకర్ర కాడ సంగతి. రొమ్ము కణితులు పెంచిన చిట్టెలుకల మీద 2000లో రఫాయెల్ క్లైన్స్, జెఫ్రీ రావెచ్ ఒక ప్రయోగం చేశారు. యాంటీబాడీ కాడను పట్టుకునే గ్రాహకాలు రోగనిరోధక కణాల మీద లేని చిట్టెలుకలను పుట్టించి, వాటికి ట్రాస్టుజుమాబ్ ఇచ్చారు. కొసలు హెర్2ను ఎప్పటిలాగే పట్టుకున్నాయి, కానీ కణితిని అణిచే శక్తి చాలా మేరకు పడిపోయింది. అంటే మందు పనిలో పెద్ద వాటా అడ్డుకోవడానిది కాదు, అప్పగించడానిది. కణితి కణాన్ని కొసలతో పట్టుకుని, కాడను ఎన్‌కే అనే రోగనిరోధక కణాల చేతికిచ్చి, చంపే పని వాటికి వదిలేస్తుంది. చిట్టెలుక కాడకు బదులు మనిషి కాడ పెట్టడం వల్ల కలిసొచ్చిన లాభం ఇది. పరాయి ముద్ర తప్పించడానికి చేసిన మార్పు మందుకు ఇంకో ఆయుధాన్ని ఇచ్చింది.

చాచిన చేతినే పట్టుకోవాలంటే పెర్టుజుమాబ్ అనే ఇంకో యాంటీబాడీ కావాలి. దీని కొసలు వచ్చి కూర్చునేది రెండో ఖండంలో, సరిగ్గా ఆ చేతి మీద. 2004లో వచ్చిన స్ఫటిక చిత్రంలో అది కళ్లకు కట్టినట్టు కనిపించింది. కబురు అందుకుని వచ్చిన హెర్3కి పట్టుకోవడానికి చేయి దొరకదు. ఆకారాన్ని బట్టి ఆలోచిస్తే అడ్డుకోవడమంటే ఇదే అనిపిస్తుంది. అలాంటప్పుడు ట్రాస్టుజుమాబ్‌ను పక్కకు నెట్టి ఇదొక్కటే వాడితే సరిపోదా? సరిపోలేదు. ఒంటరిగా ఇచ్చినప్పుడు పెర్టుజుమాబ్ పెద్దగా రాణించలేదు. రెండూ వేర్వేరు చోట్ల కూర్చుంటాయి కాబట్టి ఒకదాని చోటుకు ఒకటి అడ్డుపడవు, ఒకే హెర్2 మీద రెండూ ఇముడుతాయి. వ్యాధి ఇతర అవయవాలకు పాకిన 808 మందితో జరిగిన క్లియోపాట్రా పరీక్షలో అందరికీ డోసిటాక్సెల్ కీమో, ట్రాస్టుజుమాబ్ ఇచ్చి, సగం మందికి పెర్టుజుమాబ్ కూడా కలిపారు. మధ్యస్థ జీవితకాలం 40.8 నెలల నుంచి 56.5 నెలలకు పెరిగింది. ఆ దశ రొమ్ము క్యాన్సర్‌లో పదిహేను నెలలకు పైగా తేడా రావడం అరుదు. మొదటి యాంటీబాడీ పట్టు గట్టిదే, కానీ అది వదిలేసిన చోటు ఒకటి మిగిలి ఉందని ఇంతకన్నా గట్టిగా చెప్పే సాక్ష్యం నాకు తెలియదు.

పట్టుకోవడానికి ఇంకా చోట్లున్నాయి. సెటుక్సిమాబ్ హెర్1 మూడో ఖండం మీద, కబురు వచ్చి కూర్చునే పీట మీదే కూర్చుంటుంది. వచ్చిన కబురుకు చోటుండదు. బెవాసిజుమాబ్ ఇంకాస్త ముందే ఆపుతుంది. కణితి తనకు కొత్త రక్తనాళాలు వేయించుకోవడానికి వీఈజీఎఫ్ అనే ప్రోటీనును బయటికి వదులుతుంది. ఈ యాంటీబాడీ గ్రాహకం జోలికి పోకుండా ఆ కబురునే దారిలో పట్టేస్తుంది. 2004లో వెలువడిన పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలో కీమోకు దీన్ని జతచేస్తే మధ్యస్థ జీవితకాలం 15.6 నుంచి 20.3 నెలలకు పెరిగింది. అదే మందుకు రొమ్ము క్యాన్సర్‌లో 2008లో ఇచ్చిన అనుమతిని అమెరికా 2011లో వెనక్కి తీసుకుంది. పట్టు అదే, లక్ష్యం అదే. ఆ జబ్బులో ఆయుష్షు పెరగలేదు, అంతే.

పట్టు జారే చోట్లు

సెటుక్సిమాబ్ అనుభవం ఒక పాఠం నేర్పింది. పెద్దపేగు క్యాన్సర్లలో కేరాస్ అనే లోపలి ప్రోటీను చెడిపోయి, పైనుంచి ఆజ్ఞ లేకున్నా ఎప్పుడూ 'విడిపో' అని కేకలు పెడుతున్న కణితులు చాలా ఉన్నాయి. వాటిలో సెటుక్సిమాబ్ పైన పీటను ఎంత చక్కగా ఆక్రమించినా ఫలితం శూన్యం. గేటు దగ్గర కాపలా పెట్టాం, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. 2008 నుంచి కేరాస్ పరీక్ష చేయకుండా ఈ మందు ఇవ్వకూడదన్న పద్ధతి స్థిరపడింది. హెర్2 విషయంలోనూ లోపలి గొలుసులో పీఐ3కే అనే మెట్టు దగ్గర మార్పులొస్తే పైపట్టు బలం తగ్గుతుంది.

అణువు పెద్దది కావడం ఇంకో చిక్కు. రక్తం నుంచి మెదడులోకి వెళ్లే దారిలో ఉండే గట్టి కంచెను యాంటీబాడీ అంత తేలిగ్గా దాటలేదు. ఒళ్లంతా జబ్బు అదుపులో ఉండగా మెదడులో కణితి కనిపించడం హెర్2 రోగులను, డాక్టర్లను వేధించే సమస్య.

ఇందాక ఆపిన గుండె ముచ్చట. గుండె కండర కణాలు దెబ్బలు తట్టుకుని నిలబడటానికి హెర్2, హెర్4 జంట పంపే సంకేతాల మీద ఆధారపడతాయి. మందుకు కణితి హెర్2, గుండె హెర్2 అన్న భేదం తెలియదు. 2001లో స్లామన్ బృందం ప్రచురించిన 469 మంది పరీక్షలో మందు ఫలితం బాగుంది, కానీ ఆంత్రాసైక్లిన్ రకం కీమోతో కలిపి ఇచ్చినవారిలో 27 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింది. ఆ కీమో గుండె కణాలను గాయపరుస్తుంది, ఈ మందు ఆ గాయం మానే దారిని మూసేస్తుంది. అప్పటి నుంచి రెండింటినీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి ఇస్తున్నారు. చికిత్స సాగినన్నాళ్లూ దాదాపు మూడు నెలలకోసారి ఎకో పరీక్ష చేయిస్తారు. మందు ఆపితే చాలామందిలో గుండె తిరిగి కోలుకుంటుంది. "ఎకో ఎందుకండీ, నాకు గుండె జబ్బు లేదు కదా" అని వాయిదా వేసేవారుంటారు. జబ్బు లేకుండా ఉంచడానికే ఆ ఎకో.

ఇంతకీ ఇది కీమోయా, కాదా? డే కేర్ వార్డులో తరచూ వినబడే ప్రశ్న. కీమో మందులు విడిపోతున్న ప్రతి కణం మీదా పడతాయి. ఆ వంశానికి మూలపురుషుల్లో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ చిన్నపిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా లొంగదీయగలిగారు. యాంటీబాడీ వేరే జాతి. ఒంటరిగా ఇస్తే సాధారణంగా జుట్టు ఊడదు. అయితే ఈ రెండు జాతులకూ ఇప్పుడు సంబంధం కలిసింది. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందులో ఒక్కో యాంటీబాడీకి సుమారు ఎనిమిది కీమో అణువులు కట్టి ఉంటాయి. కణం హెర్2తోపాటు యాంటీబాడీని లోపలికి మింగితే మూట విప్పుకుంటుంది. ఆ విషం పక్క కణాలకూ పాకగలదు. ఇక్కడ అడ్డుకోవడం గొడవే అంతగా లేదు, హెర్2 కేవలం చిరునామా. అందుకే హెర్2 కొద్దిగానే ఉండి, వట్టి ట్రాస్టుజుమాబ్‌కు అర్హత లేదనుకున్న కణితుల మీద కూడా ఇది పనిచేసింది. 2022లో వెలువడిన పరీక్షలో అలాంటి రోగుల మధ్యస్థ జీవితకాలం 16.8 నుంచి 23.4 నెలలకు పెరిగింది. ధర మాత్రం ఆకాశంలోనే ఉంది. 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం కస్టమ్స్ సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఇదొకటి.

పాత ట్రాస్టుజుమాబ్ విషయంలో పరిస్థితి మెరుగు. 2013లో రోష్ కంపెనీ ఇక్కడి పేటెంటును వదులుకుంది. ఆ మరుసటి ఏడాది ఆరంభంలో బెంగళూరు బయోకాన్ తన బయోసిమిలర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అంతకు ముందే, 2007లో, హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే మరో యాంటీబాడీతో ఈ దారి తొక్కింది. వీటిని జనరిక్ అనకుండా బయోసిమిలర్ అనడం మాటల గారడీ కాదు. ఆస్పిరిన్‌ను ఎవరు చేసినా అదే ఆస్పిరిన్. యాంటీబాడీని చైనా హ్యామ్‌స్టర్ అండాశయ కణాలను తొట్లలో పెంచి తయారుచేయిస్తారు. కణాల మేత, వేడి మారితే ప్రోటీను మీది చక్కెర గొలుసులు మారతాయి, ఎన్‌కే కణాలు పట్టుకునే కాడ పిడిలో తేడా వస్తుంది. అందుకే కొత్త తయారీదారు కొసల పట్టుతోపాటు కాడ పట్టును కూడా విడిగా కొలిచి చూపించాలి.

బయాప్సీ రిపోర్టు

ఈ హెర్2 మందులన్నిటికీ ప్రవేశద్వారం ఒక చిన్న కాగితం. కణితి ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోసి, పలచటి పొరలుగా కోసి, గాజుపలక మీద హెర్2 కోసం రంగు వేస్తారు. హెర్2 మితిమీరి ఉంటే సూక్ష్మదర్శినిలో ప్రతి కణం చుట్టూ ముదురు గోధుమరంగు గీత పూర్తిగా చుట్టుకుని తేనెపట్టు గదుల్లా కనబడుతుంది. అది 3+. ఏమీ లేకుంటే 0. గీత పూర్తిగా చుట్టుకున్నా నీరసంగా ఉంటే 2+ అని రాసి, జన్యువు నకళ్లను నేరుగా లెక్కించే ఫిష్ పరీక్షకు పంపుతారు. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, కనీసం 6 గంటలు, 72 గంటలు మించకుండా నానాలి. ఈ నియమం తప్పితే ప్రోటీను ఆకారం చెడి పరీక్ష తప్పుదారి పట్టవచ్చు. ఇంట్లోవాళ్లు డబ్బా పట్టుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరి ల్యాబుకు తిరిగే మన దగ్గర ఈ గంటల లెక్క డాక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది.

ఆ గోధుమరంగు వేసేది కూడా యాంటీబాడీయే. ల్యాబుల్లో విరివిగా వాడే 4బీ5 అనే రకం కుందేలు నుంచి వచ్చింది. అది హెర్2ను పట్టుకునేది బయటి ఖండాల్లో కాదు, కణం లోపలి తోక దగ్గర. గాజుపలక మీద కణాలు కోతపడి తెరుచుకుని ఉంటాయి కాబట్టి దానికి తోక అందుతుంది. మందుగా ఇచ్చే ట్రాస్టుజుమాబ్‌కు బతికున్న కణంలో ఆ తోక ఎప్పటికీ అందదు. చాలామంది రోగుల్లో తల, తోక రెండూ ఉంటాయి కనుక 3+ అన్న మాటను నమ్మవచ్చు. తల తెగిపోయిన మోడులు ఎక్కువగా ఉన్న కణితిలో కూడా తేనెపట్టు అంతే ముదురుగా కనిపిస్తుంది. సెలైన్ సంచిలోంచి చుక్కచుక్కగా దిగే యాంటీబాడీకి మాత్రం అక్కడ పట్టుకోవడానికి నాలుగో ఖండం ఉండదు.